టోలు గేటుకు టైము తెలుసు: రహదారుల మంత్రిత్వ శాఖకు గోవింద్‌పూర్ నుంచి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రివర్యులకు,
భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,
న్యూఢిల్లీ.

విషయం: జంషెడ్‌పూర్ నుంచి శ్రీకాకుళానికి రోడ్డు ప్రయాణం నేర్పే పాఠాలు, రాత్రిపూట బండి నడిపేవారి విశ్రాంతి.

జంషెడ్‌పూర్ శివార్లలోని గోవింద్‌పూర్ నుంచి శ్రీకాకుళానికి కారు ప్రయాణం ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. పద్దెనిమిదో నంబరు జాతీయ రహదారి మీద ఘాట్‌శిలా, బహరాగోడా, బారిపదా మీదుగా బాలాసోర్ చేరుకుని అక్కడ పదహారో నంబరు రహదారి ఎక్కాలి. భద్రక్, కటక్, భువనేశ్వర్, చిలకా సరస్సు ఒడ్డు, బరంపురం దాటాక ఇచ్ఛాపురంలో ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. బహరాగోడా దాటగానే వచ్చే సువర్ణరేఖ మొదలుకొని బైతరణి, బ్రాహ్మణి, మహానది, ఋషికుల్య, బాహుదా, వంశధార, చివరికి శ్రీకాకుళం ఊళ్లో నాగావళి దాకా తూర్పు తీరపు నదులన్నీ వరసగా తగులుతాయి. దక్షిణాదికి దిగే రోడ్డు ప్రయాణాల్లో ఇది మరీ పెద్దదేమీ కాదు. శ్రీకాకుళంలో ఒక పూట ఆగి విజయవాడకో తిరుపతికో సాగిపోయే బళ్లూ ఉన్నాయి. అయినా పొడుగు ప్రయాణాల కష్టసుఖాలన్నీ ఈ ముక్కలోనే బయటపడతాయి కాబట్టి ఈ లేఖ దీన్నే పట్టుకుంది.

ఈ దారిన తెలుగువాళ్లు ఎందుకు తిరుగుతారో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది, 1912లో సాక్చీలో మొదటి ఉక్కు దిమ్మె పోత పోసింది. కాళీమాటి అనే చిన్న స్టేషను టాటానగర్‌గా, సాక్చీ జంషెడ్‌పూర్‌గా 1919లో పేర్లు మార్చుకున్నాయి. ఆ కాలం నుంచీ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెల నుంచి కూలి పనికీ, కొలిమి పనికీ, తర్వాత గుమాస్తా ఉద్యోగాలకీ జనం వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నది వాళ్లే. మూడో తరం, నాలుగో తరం వచ్చినా సంక్రాంతికీ, గ్రామదేవత పండగకీ, పెళ్లిళ్లకీ సొంతూరు వెళ్లడం మానలేదు. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండగ రోజుల బెర్తులు తెరిచిన పూటే అయిపోతాయి. టికెట్టు దొరకని కుటుంబం కారు తీస్తుంది. నలుగురైదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. వచ్చేటప్పుడు ఆ సామాను మీద పలాస జీడిపప్పు, ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా కూడా ఎక్కుతాయి. టైరులో గాలి మాత్రం వెళ్లేటప్పుడు కొట్టించిందే.

ముందు దారి పేర్ల సంగతి. 2010 ఏప్రిల్‌లో జాతీయ రహదారుల నంబర్లు మారాయి. ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్లకు సరి సంఖ్యలు ఇచ్చారు, అవి తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు, అవి ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. పద్ధతి శుభ్రంగానే ఉంది, జనం నోటికి మాత్రం ఎక్కలేదు. జంషెడ్‌పూర్‌లో ఎవరిని అడిగినా ఇప్పటికీ ముప్పై మూడో నంబరు హైవే అనే అంటారు. శ్రీకాకుళంలో పదహారో నంబరు రహదారి ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే. దీనికి తోడు ఊళ్ల పేర్ల తికమక ఒకటి. పద్దెనిమిదో నంబరు రహదారి మొదలయ్యే చోటు పేరు కూడా గోవింద్‌పూరే. అది ధన్‌బాద్ జిల్లాలోది, జంషెడ్‌పూర్ గోవింద్‌పూర్‌కు వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఫోన్ మ్యాపులో ఒట్టి గోవింద్‌పూర్ అని కొట్టి బయలుదేరిన చుట్టం పురూలియా వైపు వెళ్లిపోతే తప్పు అతనిది కాదు.

పేరు తప్పితే చుట్టానికి పెట్రోలు దండగ, అంతే. ప్రమాదంలో అలా కాదు. జాతీయ రహదారుల 1033 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినవాళ్లను అవతలివాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారనే. రాత్రి మూడింటికి భద్రక్ అవతల బండి ఆగిపోయిన తెలుగు కుటుంబానికి దగ్గరి పల్లె పేరు తెలియదు, బోర్డు మీద ఒడియా చదవడం రాదు. నిజం చెప్పాలంటే జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి ఇచ్ఛాపురం దాటాక తెలుగు బోర్డులూ చదవడం రాదు, వాళ్లు నేర్చుకున్నది హిందీ అక్షరాలు. అలాంటప్పుడు ఆదుకునేది రోడ్డు పక్కనున్న కిలోమీటరు రాయే. దాని మీది అంకెకు భాష అక్కర్లేదు. రహదారి నంబరు, రాయి మీది అంకె, వెళ్తున్న దిక్కు, ఈ మూడూ చెబితే అంబులెన్సు, క్రేను నేరుగా అక్కడికే రాగలవు. తీరా చూస్తే ఆ రాళ్లు చాలాచోట్ల గడ్డిలో కూరుకుపోయి ఉంటాయి, కొన్నిటి మీద సున్నం వెలిసిపోయి ఉంటుంది. రెండు రాళ్ల మధ్య డివైడరు మీద, దీపస్తంభాల మీద అదే అంకెను వెలుగు పడితే మెరిసే రంగుతో రాయించడం పెద్ద ఖర్చు కాదు.

ఇక అసలు విషయం రాత్రి ప్రయాణం.

ఈ ఊరి లెక్క ఒకటి మంత్రిత్వ శాఖకు తెలియాలి. కర్మాగారాల షిఫ్టులు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి మారతాయి. రాత్రి పదింటికి బి షిఫ్టు దిగిన మనిషి ఇంటికి వచ్చి, స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని పదకొండింటికి బండి తీస్తాడు. రాత్రయితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, సెలవు ఒక రోజు కలిసొస్తుంది. వినడానికి ఇది తెలివైన లెక్కే. దాన్నే గడియారం పక్కన పెట్టి చూస్తే వేరేలా కనిపిస్తుంది. ఒంటిగంటకు బహరాగోడా, మూడు గంటల ప్రాంతంలో బాలాసోర్, తెల్లారుతుండగా కటక్. మనిషి ఒంటికి నిద్ర ముంచుకొచ్చే వేళ రాత్రి రెండు నుంచి ఐదు. అంటే ఎనిమిది గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషి, సరిగ్గా ఆ మూడు గంటలూ, మలుపులు తక్కువైన వెడల్పాటి రోడ్డు మీద లారీల మధ్య ఉంటాడు. సింగిల్ రోడ్డు మీద గతుకులైనా మేలుకొలుపుతాయి. నునుపైన రోడ్డు జోకొడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలితే బండి 83 మీటర్లు వెళ్తుంది. ఆ 83 మీటర్లలో ఏముందన్నదే ప్రశ్న.

చాలాసార్లు అక్కడ ఉండేది ఆగిన లారీ. టైరు పేలో, ఇరుసు విరిగో, డ్రైవరుకు నిద్ర ఆగకో, ఎడమ అంచున నిలిపి ఉంటుంది. వెనక దీపాలు వెలగవు. మెరిసే త్రికోణం బదులు రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిచి, పది పదిహేను అడుగుల వెనక పరిచి, దాని మీద రెండు బండరాళ్లు పెడతారు. బండి బాగై వెళ్లిపోయాక కొమ్మ ఎండిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి, తర్వాతి రాత్రి వచ్చే మోటార్ సైకిలు వాడి కోసం. మంత్రిత్వ శాఖ సొంత లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం మాత్రమే, మరణాల్లో వాటి వాటా మూడో వంతు కంటే ఎక్కువ. ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు వెనక నుంచి గుద్దినవి. వీటన్నిటినీ అతివేగం ఖాతాలో వేయడం తేలిక. ఎంత వేగంగా పోయాడన్నది నమోదవుతుంది, ఎన్ని గంటలుగా నిద్ర లేదన్నది ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ గడి కట్టి రాసే విషయం కాదు.

లారీ డ్రైవరును తిట్టడం ఇంకా తేలిక. గోవింద్‌పూర్‌వాళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఊరు లారీలు పుట్టే చోటును ఆనుకునే ఉంది. టెల్కో అనే టాటాల కర్మాగారం 1945లో మొదలైంది, జర్మనీ వారి భాగస్వామ్యంతో 1954లో ఇక్కడ లారీ తయారైంది. కొత్త ఛాసీలను దూరపు ఊళ్లకు నడిపి అప్పజెప్పే డ్రైవర్లను ఇక్కడ కాన్వాయ్ డ్రైవర్లంటారు. క్యాబిన్ కట్టని ఛాసీ మీద, ఎదురుగాలికి ముఖమంతా గమ్ఛా తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని వందల కిలోమీటర్లు పోయే మనుషులను ఈ ఊరి పిల్లలు చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరుగుతారు. కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ 2025లో తప్పనిసరి అయింది. ఆలస్యంగానైనా మంచి పని. అయితే చల్లటి క్యాబిన్ ఉంటే సరిపోదు, దాన్ని నిలిపే చోటూ ఉండాలి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉండేది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని ఉండకూడదంది. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. జీతానికి నడిపే డ్రైవరుకు రాసిన ఈ ఐదు గంటల సూత్రం సొంత కారు నడిపే గృహస్థుకూ సరిగ్గా సరిపోతుంది. గోవింద్‌పూర్ నుంచి శ్రీకాకుళం పదమూడు పధ్నాలుగు గంటల పని. అంటే మధ్యలో రెండు నిజమైన విరామాలు, వీలైతే ఒక రాత్రి బస. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే మధ్యాహ్నానికి భువనేశ్వర్ చేరి, అక్కడే పడుకుని, మర్నాడు చిలకా పక్కనుంచి వెలుగులో దిగవచ్చు. బాలుగావ్ నుంచి రంభ దాకా ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్లు. ఆ దారి చీకట్లో దాటడం దండగ కూడా. అరగంట విరామానికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. కావలసినవి నాలుగు: బండి రోడ్డు మీద కాకుండా నిలిపే చోటు, వెలుతురు, ఆడవాళ్లు భయం లేకుండా వెళ్లగల మరుగుదొడ్డి, గ్లాసుడు టీ. పెట్రోలు బంకుల్లో రాత్రి రెండింటికి ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, తాళంచెవి క్యాషు కౌంటరులో నిద్రపోతున్న కుర్రాడి దగ్గర ఉంటుంది. ధాబాలో మంచాలు లారీలవాళ్లవి. కుటుంబంతో వచ్చినవాళ్లు ఆగాలో వద్దో తేల్చుకునేలోపే ధాబా వెనకపడిపోతుంది, తర్వాతిది చూద్దాంలే అనుకుంటారు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని కాదు. 30 నుంచి 50 కిలోమీటర్లకు ఒకటి చొప్పున 600కు పైగా చోట్ల ప్రయాణికుల వసతులు కడతామని రహదారుల సంస్థ 2021లో ప్రకటించింది. 2024 అక్టోబరు 8న ఇలాంటి వసతుల కోసమే హమ్‌సఫర్ పేరుతో ఒక విధానం వచ్చింది. కాగితం మీద ఇవి నిండుగానే ఉన్నాయి. కానీ కొత్తగా భూమి కొనాలి, టెండరు పిలవాలి, గుత్తేదారు రావాలి. జంషెడ్‌పూర్ ప్రజలకు ఈ మాటల బరువు తెలుసు. రాంచీ నుంచి మహులియా దాకా రోడ్డు నాలుగు వరుసలు కావడానికి ఎన్నేళ్లు పట్టిందో, జార్ఖండ్ హైకోర్టు ఎన్నిసార్లు కల్పించుకోవాల్సి వచ్చిందో వాళ్లు చూశారు. కాబట్టి ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకోవడం మేలు. ఇప్పటికే ఉన్నది టోలు గేటు. ఒకే రహదారి మీద, ఒకే దిక్కులో రెండు టోలు గేట్ల మధ్య మామూలుగా 60 కిలోమీటర్లు ఉండాలని 2008 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పాణికోయిలి, మంగుళి, గురపల్లి, మడపాం, ఎక్కడ చూసినా గేటు దగ్గర రాత్రంతా దీపాలు, కెమెరాలు, మనుషులు ఉంటారు. లేనిది గేటు దాటాక పక్కకు తీసి అరగంట కన్ను మూసుకునే చోటు. మరుగుదొడ్డి ఉన్నా దాని ముందు బండి ఆపితే వెనక హారన్లు మొదలవుతాయి. గేటుకు రెండు వైపులా కార్లకు కొంత, లారీలకు కొంత చదును నేల కేటాయిస్తే డబ్బు కట్టించుకునే ప్రతి చోటా విశ్రాంతి కూడా దొరుకుతుంది.

టోలు గేటు దగ్గర ఇంకొకటి ఉంది, సమయం. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. గేటు దాటిన ప్రతిసారీ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత కోసుకున్నారో యజమాని ఫోన్‌కు మెసేజి వస్తుంది. గోవింద్‌పూర్‌లో నిద్రపట్టని తండ్రి, కొడుకు ఎంతవరకు వెళ్లాడో ఈ మెసేజీలు చూసే లెక్కగడతాడు. రెండు నలభైకి ఒక గేటు, మూడు పదికి తర్వాతిది. అరవై కిలోమీటర్లు అరగంటలోనా? మెసేజి చూసి ఆయనకు వచ్చే అనుమానం, ఆ మెసేజి పంపిన యంత్రానికి ఎందుకు రాకూడదు?

ఇలాంటి పద్ధతి తెలుగునేలకు కొత్త కాదు. తిరుమల ఘాట్ రోడ్ల మీద బండి కిందినుంచి బయలుదేరిన సమయం, పైకి చేరిన సమయం చూస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి లెక్క. అంతకంటే ముందే చేరిన బండి వేగంగా వచ్చినట్టే. మలుపు మలుపుకీ పోలీసు అక్కర్లేదు, రెండు చోట్ల గడియారం చాలు. మధ్యలో కెమెరా ఎక్కడుందో తెలుసుకుని అక్కడ మాత్రం నెమ్మదించే చాకచక్యం ఈ పద్ధతి ముందు పనిచేయదు.

ఫాస్టాగ్‌తో జాతీయ రహదారి మీద ఇదే పని రెండు విధాలుగా చేయవచ్చు. ఒకటి, రెండు గేట్ల మధ్య సగటు వేగం. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 2018 నుంచి 100 కిలోమీటర్ల పరిమితి ఉంది. సగటే అది దాటితే ఇక వాదనకు తావు లేదు. రెండోది ఇంతకంటే ముఖ్యం. వరసగా ఐదారు గేట్లు ఆగకుండా దాటిన బండి ఏదో వ్యవస్థకు తెలుసు. ఐదు గంటలు దాటిన బండికి తర్వాతి గేటు దగ్గర తెర మీద ఒక్క వాక్యం కనిపించాలి: ఐదు గంటలుగా నడుపుతున్నారు, గేటు దాటాక ఎడమ పక్క ఆగే చోటుంది. అదే మాట యజమాని ఫోన్‌కూ వెళ్లాలి. దీనికి జరిమానా పెట్టకూడదు. జరిమానా పెడితే లారీ యజమాని ఆ డబ్బు డ్రైవరు జీతంలోంచి కోస్తాడు, డ్రైవరు గేటు తప్పించుకునే పల్లె దారి వెతుకుతాడు. బండిలో ఇద్దరు డ్రైవర్లుంటే హెచ్చరిక ఉత్తిదే అవుతుంది, నష్టం మాత్రం లేదు. ఎవరు ఎక్కడ తిరిగారన్న వివరం ప్రభుత్వం దగ్గర పోగుపడుతుందన్న భయం న్యాయమైనదే. టోలు వసూలు కోసం ఆ వివరం ఇప్పటికే పోగుపడుతోంది; విశ్రాంతి లెక్కను విడిగా దాచకుండా ప్రయాణం ముగిశాక చెరిపేయాలని నిబంధనలోనే రాయవచ్చు.

ప్రమాదం జరిగాక ఏం చేయాలన్న విషయంలో చట్టం చాలా ముందుకు వచ్చింది, జనానికి చేరింది తక్కువ. గాయపడినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ అయింది. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం పథకం అమల్లోకి వచ్చింది. ఒడిశా రోడ్డు మీద జార్ఖండ్ నంబరు బండి పల్టీ కొడితే మొదట పరుగెత్తుకొచ్చేది పక్క పొలంలోని రైతు. అతనికి ఈ మూడు సంగతులూ తెలియవు, తెలిసేలా ఏ బోర్డూ లేదు. టోలు గేట్ల దగ్గర పథకాల ప్రకటనల బోర్డులకు చోటుంది, దీనికీ ఉండాలి. ఒడిశాలో ఒడియాలో, శ్రీకాకుళంలో తెలుగులో.

చివరగా అక్టోబరు నెల తుపాన్ల సంగతి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. చెట్లు విరిగిపడి ఈ రహదారే స్తంభించింది. మూడూ దసరా నెలలోనే, మూడూ గోవింద్‌పూర్ బళ్లు దిగే దారి మీదే. వాతావరణ శాఖ హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి. ఆ హెచ్చరిక బండి నడిపేవాడికి చేరాల్సింది బరంపురంలో కాదు, వెనక్కి తిరగడానికి వీలున్న బాలాసోర్‌లోనో, ఇంకా మేలు బహరాగోడాలోనో. ఫాస్టాగ్ మెసేజీలో ఒక వాక్యం కలిపితే సరిపోతుంది.

ప్రయోగంగా మొదలుపెట్టడానికి బాలాసోర్ నుంచి భువనేశ్వర్ దాకా ఉన్న సుమారు రెండు వందల కిలోమీటర్ల ముక్క అనువైనది. తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చే బళ్లు ఎక్కువగా దొరికేది అక్కడే. గేట్ల పక్కన ఆగే చోటు, తెర మీద ఐదు గంటల హెచ్చరిక, మెరిసే అంకెలు రానున్న సంక్రాంతి రద్దీకి సిద్ధమైతే, పండగ ముగిశాక ఎన్ని బళ్లు ఆ హెచ్చరిక చూసి నిజంగా పక్కకు తీశాయో ఫాస్టాగ్ లెక్కల్లోనే తేలుతుంది. ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలని కూడా ఈ లేఖ కోరుతోంది.

ఇట్లు,
గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్ నుంచి
ఒక తెలుగు వాహనదారు